ఈపర్ యుద్ధ మ్యూజియం, మినీబస్ టూర్: హేబర్ పాఠం చెప్పిన ఒక మాస్టారి రివ్యూ

తెనాలి చుట్టుపక్కల జూనియర్ కాలేజీల్లో ఇరవై తొమ్మిదేళ్లు కెమిస్ట్రీ చెప్పాను. ఏటా అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతి చెప్పేవాణ్ణి. నైట్రోజన్ ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాళ్లు, 200 అట్మాస్ఫియర్ల పీడనం, ఇనుము ఉత్ప్రేరకం, పక్కన లె చాటలియర్ సూత్రం. బొమ్మ వేస్తే మార్కులు పోవని పిల్లలకు మరీ మరీ చెప్పేవాణ్ణి. ఈ హేబర్ ఎవరు సార్ అని ఒక్క పిల్లాడూ అడగలేదు. నాకై నేనూ చెప్పలేదు, ఎందుకంటే నాకూ పేరు తప్ప ఏమీ తెలీదు.

రిటైరయ్యాక యుద్ధాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. రాజులూ తేదీలూ కాదు, యుద్ధం ముగిశాక మన వంటింట్లోకి, పొలంలోకి, ఆస్పత్రిలోకి ఏం వచ్చి చేరిందన్నదే నాకు ముఖ్యం. అలా చదువుతుంటే బెల్జియంలో ఒక చిన్న ఊరి పేరు పదే పదే తగిలింది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈప్ర్ అని ఉంటుంది, అక్కడివాళ్లు ఈపర్ అంటారు, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలు నోరు తిరక్క వైపర్స్ అన్నారు. మా అమ్మాయి, అల్లుడు ల్యూవెన్‌లో ఉంటారు. ఈ ఏప్రిల్ మొదట్లో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఒక రోజంతా ఈపర్‌కు కేటాయించాం. పొద్దున ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్ మ్యూజియం, మధ్యాహ్నం మినీబస్‌లో యుద్ధభూముల టూర్, రాత్రి ఎనిమిదింటికి మెనిన్ గేట్. మన వైపు నుంచి యూరప్ వచ్చే తల్లిదండ్రులను పిల్లలు పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ తిప్పి పంపిస్తారు. ఆ జాబితాలో ఈ ఊరినీ చేర్చండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. ల్యూవెన్ నుంచి రైల్లో బ్రస్సెల్స్ మీదుగా రెండు గంటలకు పైగా పట్టింది. స్టేషన్ బోర్డు మీద ఈపర్ అని డచ్ స్పెల్లింగే ఉంటుంది, ఇంగ్లీషు పేరు కోసం వెతికితే ఊరు దాటిపోతారు. స్టేషన్ నుంచి పెద్ద చౌకు వరకు నడకే, మా ఆవిడ నడకకు పావుగంట. చౌకులో కనిపించే బ్రహ్మాండమైన రాతి భవనం క్లాత్ హాల్. మధ్యయుగాల్లో ఉన్ని బట్టల వ్యాపారంతో బతికిన ఊరు కాబట్టి బట్టల కోసం అంత పెద్ద సంత కట్టుకున్నారు. 1914 నుంచి 1918 వరకు కురిసిన గుండ్లకు అది మొండిగోడలయింది. ఊళ్లో నిలబడ్డ ఇల్లంటూ మిగల్లేదు. యుద్ధం అయిపోయాక పాత నమూనాతోనే రాయి రాయి పేర్చి మళ్లీ కట్టుకున్నారు, ఆ పని 1960ల దాకా సాగింది. కళ్ల ముందున్నది ఏడువందల ఏళ్ల భవనంలా కనిపిస్తుంది, నిజానికి అందులో చాలా భాగం మా నాన్నగారి కంటే చిన్నది. ఈ సంగతి తెలుసుకుని లోపలికి వెళ్తే చూసే చూపు మారుతుంది.

మ్యూజియం ఆ భవనంలోనే ఉంది. టికెట్‌తో పాటు చేతికి గసగసాల పువ్వు బొమ్మ ఉన్న పట్టీ ఇస్తారు, అందులో చిప్ ఉంటుంది. యుద్ధభూముల్లో గుండ్లు దున్నేసిన మట్టిలో ఆ ఎర్ర పువ్వులు విరివిగా పూశాయి, అందుకే అది ఇక్కడ స్మారక చిహ్నమైంది. వివరాలు డచ్, ఫ్రెంచ్, జర్మన్, ఇంగ్లీషు భాషల్లో ఉంటాయి. ఇంగ్లీషు సరిగా రాని పెద్దవాళ్లను తీసుకెళ్తే పక్కన ఒకరు ఉండి చెప్పాలి. నేను మా ఆవిడకు చెప్పుకుంటూ వెళ్లాను, అందువల్ల నాకూ బాగా ఎక్కింది.

లోపల వెలుతురు తక్కువ. మనిషంత ఎత్తు తెరల మీద సిపాయిలు, నర్సులు, డాక్టర్లు నిలబడి తమ అనుభవాలు చెబుతుంటారు. నటులే చెబుతున్నా మాటలు ఆనాటి మనుషులవి. ఎవరూ గొంతు పెంచరు. తుపాకులూ యూనిఫారాలూ వరసగా పెట్టి వీరత్వం చూపించే మ్యూజియాలు మన దేశంలో, బయటా కొన్ని చూశాను. ఇది ఆ రకం కాదు. ఏ దేశం గెలిచిందన్న మాట కంటే ఈ మట్టిలో ఎవరెవరు పోయారన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. బెల్జియం నేల మీద ఆ యుద్ధం వల్ల చనిపోయిన వాళ్ల పేర్లు దేశం చూడకుండా, సైనికుడా కాదా అని చూడకుండా ఒకే జాబితాలో చేర్చే పని ఈ సంస్థ చేస్తోంది. ఆరు లక్షలకు పైగా పేర్లు.

నేను ఎక్కువసేపు నిలబడింది గ్యాస్ దగ్గర. 1915 ఏప్రిల్ 22, సాయంత్రం అయిదు గంటల వేళ. ఈ ఊరికి ఉత్తరాన జర్మన్లు తమ కందకాల్లో దాదాపు ఆరు వేల క్లోరిన్ సిలిండర్లు పాతిపెట్టి, గాలి తమకు అనుకూలంగా తిరిగేదాకా రోజుల తరబడి కాచుకుని, మూతలు తిప్పారు. నూట యాభై టన్నులకు పైగా క్లోరిన్ ఆకుపచ్చ, పసుపు కలిసిన పొగమంచులా నేలను అంటుకుని కదిలింది. ఎదురుగా ఉన్నవాళ్లు ఫ్రెంచ్ సైన్యంలోని అల్జీరియా సిపాయిలు, టెరిటోరియల్స్ అనే వయసు మళ్లిన ఫ్రెంచ్ రిజర్వు సిపాయిలు.

క్లోరిన్ అణుభారం 71, గాలిది సగటున 29. గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. ఈ లెక్క నేను బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో! అది బరువైన వాయువు కాబట్టి జాడీలో కిందకు దిగుతుంది, జాడీ మూతి పైకి ఉంచి పట్టాలి అని చెప్పేవాణ్ణి. ఇక్కడ జాడీ కందకమే. గుండ్ల నుంచి తప్పించుకోవడానికి మనిషి లోతుగా తవ్వుకున్న గోతిలోకి, బోదె గండి తీస్తే మడిలోకి నీళ్లు దిగినట్టు గ్యాస్ దిగింది. పైకి లేస్తే తుపాకీ, కింద ఉంటే గ్యాస్. వాయువుల సాంద్రత అనే పాఠం అర్థం ఏమిటో నాకు అరవై మూడేళ్ల వయసులో అక్కడ తెలిసింది.

ఆ అద్దాల వెనక తొలి రోజుల మాస్కులు ఉన్నాయి. మాస్కులంటే రబ్బరు, ఫిల్టర్లతో ఉండేవి కావు, నోటికీ ముక్కుకీ కట్టుకునే గుడ్డ మెత్తలు. మొదట్లో అవీ లేక నీళ్లతోనో, అవీ దొరక్కపోతే మూత్రంతోనో తడిపిన గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత కొద్ది వారాల్లోనే హైపో, చాకలి సోడా ద్రావణంలో తడిపిన మెత్తలు వచ్చాయి. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. డిగ్రీ ల్యాబులో బ్యూరెట్‌లో పోసి అయోడిన్ టైట్రేషన్‌కు వాడేది అదే. క్లోరిన్‌ను అది విరిచేస్తుంది. ఆ మెత్త ఒకటి పాతబడి టీ డికాషన్ రంగుకు తిరిగింది, చివర కట్టుకునే తాడు నలిగిపోయి ఉంది. ఆ తాడు ముడి ఎవరో కంగారుగా లాగినట్టు ఒక పక్కకు బిగుసుకుపోయింది. నేను అక్కడి నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది. మా అల్లుడు వచ్చి, "మామయ్యగారూ, ఇంకా చాలా ఉంది" అన్నాడు.

ఆ సిలిండర్ల ఏర్పాటు దగ్గరుండి చూసుకున్న శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. మన పాఠంలోని హేబరే. ఆయన గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియాగా పట్టుకోవడం 1909లో ప్రయోగశాలలో చూపించాడు, కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు, 1913లో జర్మనీలోని ఓపావ్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదే యుద్ధం. అప్పటిదాకా ఎరువులకైనా పేలుడు మందులకైనా నైట్రేటు చిలీ నుంచి ఓడల్లో రావాలి. బ్రిటిష్ నౌకాదళం ఆ దారి మూసేసింది. అమ్మోనియాను ఆస్వాల్డ్ పద్ధతిలో నైట్రిక్ ఆమ్లంగా మార్చుకుని జర్మనీ గుండ్లు నింపుకుంది. హేబర్ పద్ధతి లేకపోతే జర్మనీ అన్నేళ్లు పోరాడగలిగేది కాదని చరిత్రకారులు చాలామంది అంటారు. పుస్తకంలో హేబర్ పద్ధతి ఒక పేజీలో, ఆస్వాల్డ్ పద్ధతి ఆ వెంటనే ఇంకో పేజీలో ఎందుకుంటాయో పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే జన్మలో మరిచిపోరు.

గ్యాస్ దాడి జరిగిన పదో రోజున, 1915 మే 2న, హేబర్ భార్య క్లారా ఇమ్మర్వార్ భర్త సర్వీసు రివాల్వర్‌తో కాల్చుకుని చనిపోయింది. ఆవిడా కెమిస్ట్రీలో డాక్టరేటు చేసిన మనిషి. 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి హేబర్‌కు అమ్మోనియాకు గాను ఇచ్చారు. యూదు కుటుంబంలో పుట్టినందువల్ల 1933లో అదే జర్మనీ వదిలి వెళ్లాల్సి వచ్చింది, మరుసటి ఏడాది జనవరిలో బాజెల్‌లో పోయాడు. ఈ రోజు ప్రపంచంలో దాదాపు సగం మంది తింటున్న తిండి ఆయన పద్ధతిలో వచ్చిన నైట్రోజన్ మీద ఆధారపడిందే అంటారు. మా నాన్నగారు యూరియా బస్తా విప్పి, పంచె కొంగులో తెల్లటి గుళికలు పోసుకుని, గట్టు మీద నుంచి మడిలోకి చల్లుతుంటే వెనకాల నడిచిన పిల్లాణ్ణి నేను. మమ్మల్ని పెంచిందీ చదివించిందీ ఆ బస్తా. అందువల్ల హేబర్‌ను ఒక్క మాటలో తిట్టేయడం నాకు చేతకాలేదు. ఆ మెత్త తాడు చూశాక ఆయనకు దణ్ణం పెట్టడమూ చేతకాలేదు.

ఇంకొంచెం ముందుకు వెళ్తే 1917 జూలై. మస్టర్డ్ గ్యాస్‌ను మొదటిసారి వాడింది ఈ ఊరి ముందే, అందుకే దానికి ఫ్రెంచివాళ్లు ఇపరైట్ అని ఈ ఊరి పేరే పెట్టారు. అది క్లోరిన్‌లా ఊపిరాడనీయకుండా వెంటనే చంపదు. గంటల తర్వాత ఒళ్లు బొబ్బలెక్కుతుంది, కళ్లు మూసుకుపోతాయి. దాని బారిన పడ్డవాళ్లను పరీక్షించిన అమెరికన్ డాక్టర్లు ఒక విషయం గమనించి 1919లో రాశారు: వీళ్ల రక్తంలో తెల్లకణాలు పడిపోతున్నాయి, ఎముక మజ్జ ఎండిపోతోంది అని. రెండో యుద్ధ కాలంలో, 1942లో, యేల్ యూనివర్సిటీలో గుడ్‌మన్, గిల్మన్ అనే ఇద్దరు ఆ అణువులో గంధకం ఉన్న చోట నైట్రోజన్ పెట్టిన రసాయనాన్ని లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ఉన్న రోగికి ఎక్కించారు. గడ్డలు కరిగాయి. యుద్ధ రహస్యం కాబట్టి 1946 దాకా బయటపెట్టలేదు. క్యాన్సర్‌కు ఇప్పుడిచ్చే కీమోథెరపీకి మొదలు అక్కడే. 1950ల చివర్లో అదే వంశంలో జర్మనీలో తయారైన మందు సైక్లోఫాస్ఫమైడ్.

మా ఆవిడకు 2019లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాలుగు సైకిళ్ల కీమో ఎక్కించారు. ఎర్రగా ఉండేది ఒకటి, నీళ్లలా ఉండేది ఒకటి. ఆ నీళ్లలా ఉండేదే సైక్లోఫాస్ఫమైడ్. బాగా నీళ్లు తాగించండి అనేవారు. వారం తిరిగేసరికి కౌంట్, అంటే తెల్లకణాల సంఖ్య, పడిపోయింది అని ఫోన్ వచ్చేది, కౌంట్ పెరగడానికి ఇంజెక్షన్ వేయించుకు రావాలి. ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది కౌంట్ అనే మాట విన్నప్పటి టెన్షన్. ఇపరైట్ బొబ్బల ఫోటో ముందు నిలబడి ఇదంతా ఆవిడకు చెప్పాను. చెప్పాలా వద్దా అని ముందు రాత్రి నుంచీ ఆలోచించాను.

"అంటే నాకెక్కించింది ఇదేనాండీ?" అంది.

"ఇది కాదు. దీని వంశంలోది."

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"అప్పుడు నాకూ తెలీదు."

ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆ ఫోటోలో సిపాయికి కళ్ల మీద గంతలు కట్టి ఉన్నాయి. కొంచెంసేపు చూసి, అద్దం మీద చెయ్యి పెట్టి, ముందుకు నడిచింది. ఈ మ్యూజియంలో నేను చూసినవాటిలో నాకు చివరిదాకా గుర్తుండేది అదే.

గంట మోగే బురుజు మీదికి 231 మెట్లు ఎక్కి వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులున్న మేమిద్దరం కింద ఉండిపోయాం, పిల్లలు ఎక్కారు. పైనుంచి చూస్తే చుట్టూ ఉన్న గుట్టలు ఎంత చిన్నవో తెలుస్తుందట. ఆ చిన్న ఎత్తుల కోసమే నాలుగేళ్లు కొట్టుకున్నారు. ఎత్తు మీద ఉన్నవాడికి పొడి నేల, కింద ఉన్నవాడికి బురద.

మ్యూజియానికి మేం మూడు గంటలు తీసుకున్నాం, చాల్లేదు. నాలుగు గంటలు పెట్టుకోండి. కూర్చోవడానికి అక్కడక్కడ బెంచీలు ఉన్నాయి. పదేళ్లలోపు పిల్లలను నేనైతే తీసుకెళ్లను. చలికాలంలో సోమవారాలు మూసి ఉంచుతారు, వెళ్లేముందు సమయాలు చూసుకోవడం మంచిది. మధ్యాహ్నానికి మా అమ్మాయి కట్టిన పులిహోర, అక్కడి వేడివేడి ఆలుగడ్డ వేపుళ్లు చౌకులో బల్ల మీద కూర్చుని తిన్నాం. శాకాహారులకు అంతకు మించి వెతుక్కునే అవసరం రాలేదు.

ఇక టూర్. ఊళ్లో ఇలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి, మేం తీసుకున్నది ఎనిమిది సీట్ల మినీబస్, మూడున్నర గంటలు. పేరు రాయను. రెండింటికి అన్న బస్సు రెండూ ఇరవై అయిదుకు వచ్చింది. చిన్న చినుకులు, గాలి, నిలబడ్డ చోట నీడ లేదు. ఆలస్యమవుతుందని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే పక్కనే ఉన్న కాఫీ షాపులో కూర్చునేవాళ్లం. గైడు మంచి జ్ఞానం ఉన్న మనిషి, ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు. కానీ పోయిన పాతిక నిమిషాలను మాటల వేగంలో పూడ్చుకోవాలని చూశాడు. ఇంగ్లీషు అలవాటున్న నాకే సగం అందలేదు. రెండుసార్లు చెప్పాక నెమ్మదించాడు.

మొదట కాలువ గట్టున ఉన్న ఎసెక్స్ ఫామ్. గాయపడ్డవాళ్లకు కట్లు కట్టిన కాంక్రీటు గదులు ఇంకా ఉన్నాయి. జాన్ మెక్రే అనే కెనడా డాక్టరు 1915 మేలో గసగసాల పువ్వుల మీద పద్యం రాసింది ఇక్కడే. లోపల నిటారుగా నిలబడలేం, పశువుల కొట్టంలో చిన్న దూడల గది అంత ఉంటుంది ఒక్కోటి. అక్కడ స్ట్రెచర్ తిప్పడం ఎలా సాధ్యమైందో నాకు అర్థం కాలేదు.

తర్వాత లాంగెమార్క్, జర్మన్ల శ్మశానం. ఇక్కడ నా పెద్ద ఫిర్యాదు. 44 వేల మందికి పైగా ఉన్న చోట మాకు ఇచ్చింది పది నిమిషాలు. తెల్లటి రాళ్లు, పూల మొక్కలు ఉండే బ్రిటిష్ శ్మశానాలకు ఇది పూర్తిగా వేరు. ఓక్ చెట్ల నీడ, నేలకు ఆనుకున్న నల్లటి పలకలు, ఒక్కో పలక మీద అనేక పేర్లు. ఒకే ఉమ్మడి సమాధిలో దాదాపు 25 వేల మంది. దూరంగా నలుగురు మనుషుల కంచు విగ్రహాలు తలలు వంచి నిలబడి ఉంటాయి. ఓడిపోయినవాడి దుఃఖం ఎలా ఉంటుందో చూపించే చోటు యుద్ధ చరిత్ర చదివేవాడికి అన్నిటికంటే అవసరం. అలాంటి చోట "టైమ్ అయిపోయింది" అని హారన్ కొట్టడం తప్పు. గైడుకు అక్కడే చెప్పాను. క్షమించమన్నాడు, కానీ బండి ఎక్కించాడు.

అక్కడికి దగ్గర్లోనే కెనడా సిపాయి విగ్రహం. ఎత్తైన రాతి స్తంభం పైన తల వంచుకుని, తలకిందులుగా పెట్టిన తుపాకీ మడమ మీద చేతులు ఆనించిన సిపాయి. గ్యాస్‌కు ఫ్రెంచ్ వరస విరిగాక ఆ ఖాళీని అడ్డుకున్నది వీళ్లు. ఏప్రిల్ 26న బ్రిటిష్ ఇండియా సైన్యంలోని మన లాహోర్ డివిజన్‌నూ ఇక్కడికి తెచ్చి ఎదురుదాడికి దింపారు. అప్పటికి వాళ్ల దగ్గర ఉన్నది తడిగుడ్డలే. ఆ రోజు గ్యాస్ మధ్య గాయపడ్డ అధికారులను మోసుకొచ్చిన జమేదార్ మీర్ దస్త్‌కు బ్రిటిష్ సైన్యంలో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. అంతకు ముందు 1914 అక్టోబర్ 31న ఈ ఊరి దగ్గరే హొల్లెబెకెలో మెషిన్‌గన్ వదలకుండా పోరాడిన ఖుదాదాద్ ఖాన్, ఆ పతకం అందుకున్న తొలి భారతీయ సైనికుడు. గైడు ఈ రెండు పేర్లూ నేను అడగకుండానే చెప్పాడు. ఆ మాటకు అతనికి నా నమస్కారం.

విగ్రహం చూసి రోడ్డు దాటుతుంటే పక్క చేలో ట్రాక్టరు తిరుగుతోంది. మోకాలి ఎత్తు కూడా లేని పచ్చటి గోధుమ. ట్రాక్టరు వెనక గుండ్రంగా తిరిగే పళ్లెం లాంటి యంత్రం నుంచి తెల్లటి గుళికలు రెండు పక్కలా చిమ్ముతున్నాయి. దగ్గరికి వెళ్లి గట్టు మీద పడ్డ నాలుగు గుళికలు చేతిలోకి తీసుకున్నాను. చినుకులకు అరచేతిలోనే చెమర్చాయి, చల్లగా తగిలాయి. నైట్రోజన్ ఎరువు. నూట పదేళ్ల కిందట ఆ మనిషి గ్యాస్ తిప్పిన ప్రాంతంలో ఆ మనిషి పద్ధతిలో పుట్టిన ఎరువు. గైడును పిలిచి ఈ మాట చెప్పాను. అతనికి గ్యాస్ హేబర్ తెలుసు, ఎరువు హేబర్ తెలీదు. నాకేమో ముప్పై ఏళ్లు ఎరువు హేబరే తెలుసు. "తర్వాతి టూర్‌లో చెబుతాను సార్" అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆలస్యమైందన్న నా కోపం సగం అక్కడే పోయింది.

ఆ చేల మధ్య ఇంకొక వింత. కరెంటు స్తంభం మొదట్లో తుప్పు పట్టిన ఫిరంగి గుండు ఒకటి పెట్టి ఉంది. దున్నేటప్పుడు నాగలికి తగిలితే రైతు తీసి అలా రోడ్డు పక్కన పెడతాడట, సైన్యం బండి వచ్చి తీసుకెళ్తుంది. పక్కనున్న పూల్‌కపెల్‌లో వాటిని నిర్వీర్యం చేసే సైనిక కేంద్రం ఉంది. అందులో గ్యాస్ గుండ్లూ ఉంటాయి. దాన్ని ముట్టుకోకండి, ఫోటో కోసం కూడా దగ్గరికి వెళ్లకండి. మా నాన్నగారి నాగలికి పాము పుట్ట తగిలితే భయం, ఇక్కడి రైతుకు ఇది.

చివర టైన్ కాట్. కామన్వెల్త్ సైనిక శ్మశానాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది, దాదాపు 12 వేల సమాధులు. వాటిలో ఎనిమిది వేలకు పైగా రాళ్ల మీద పేరు లేదు, ఎవరో దేవుడికే తెలుసు అని మాత్రం ఉంటుంది. వెనక గోడ మీద ఆచూకీ దొరకని మరో 35 వేల పేర్లు. ఇక్కడ అరగంట ఇచ్చారు, సరిపోయింది.

బస్సు మమ్మల్ని మెనిన్ గేట్ దగ్గర దింపింది. యుద్ధానికి వెళ్లే సిపాయిలు ఊరు దాటిన తోవ మీద 1927లో కట్టిన పెద్ద తోరణం. సమాధి దొరకని 54 వేల మందికి పైగా పేర్లు లోపలి గోడల నిండా చెక్కి ఉన్నాయి, వాటిలో మన దళాలవి నాలుగు వందలకు పైగా. సింగులు, ఖాన్‌లు, గూర్ఖాలు, గఢ్వాలీలు. తెలుగు పేరు కోసం వెతికాను, నాకు కనిపించలేదు. పక్క గట్టు మీద భారత సైనికుల స్మారకం ఉంది, మెట్లు ఎక్కి వెళ్లి చూడండి. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారు.

రాత్రి ఎనిమిదింటికి ట్రాఫిక్ ఆపేస్తారు. బ్యూగిల్ వాయించేవాళ్లు తోరణం కింద వరసగా నిలబడి, చనిపోయిన సైనికుల గుర్తుగా లాస్ట్ పోస్ట్ అనే బాణీ వాయిస్తారు. 1928లో మొదలైన ఆచారం. రెండో యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు ఇక్కడ ఆగిపోయింది, 1944 సెప్టెంబరు 6న పోలండ్ దళాలు ఊరు విడిపించిన సాయంత్రమే మళ్లీ వాయించారు. టికెట్ లేదు. ఏడుంబావుకే వెళ్లి తాడు దగ్గర నిలబడితేనే కనిపిస్తుంది, కుర్చీలు ఉండవు. ముందు ఆదివారమే గడియారాలు గంట ముందుకు జరిపారు కాబట్టి ఎనిమిదింటికీ వెలుగుంది. ఆ గడియారం జరపడం కూడా 1916లో బొగ్గు, దీపాల ఖర్చు తగ్గించుకోవడానికి జర్మనీ మొదలుపెట్టిన యుద్ధకాలపు ఏర్పాటే. మా అమ్మాయి వంటింటి గోడ గడియారం ముల్లు తిప్పుతుంటే ఆ మాట చెప్పాను.

బ్యూగిల్ ఆగాక అన్ని వందల మందిలో ఒక్క దగ్గు వినిపించలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

ఖర్చు సంగతి: టూర్‌కు మనిషికి 60 యూరోలు అయింది. మ్యూజియం టికెట్ దానితో పోలిస్తే చాలా తక్కువ. ఒకటే ఎంచుకోవాల్సి వస్తే మ్యూజియం ఎంచుకోండి. లాస్ట్ పోస్ట్ అయ్యాక రైలెక్కితే ల్యూవెన్ చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ రాత్రి ఈపర్‌లోనే ఉండిపోతే మంచిది. గొడుగు కాదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు పట్టుకెళ్లండి, గాలికి గొడుగు నిలవదు. బురదకు తట్టుకునే బూట్లు వేసుకోండి.

మ్యూజియానికి అయిదుకు అయిదు. టూర్‌కు మూడున్నర, అందులో ఒకటి పూర్తిగా గైడుకే. తిరిగొచ్చాక ఆ కంపెనీకి లాంగెమార్క్‌లో పది నిమిషాలు చాలవని, ఆలస్యమైతే మెసేజ్ పెట్టమని ఈమెయిల్ రాశాను. నాలుగో రోజున జవాబు వచ్చింది: వేసవి నుంచి అక్కడ పాతిక నిమిషాలు ఆపుతాం అన్నారు. కింద గైడు తన తరఫున ఒక వాక్యం చేర్చాడు, ఆ గోధుమ చేను దగ్గర ఇప్పుడు బస్సు ఆపుతున్నానని.